ఒక్క దారం మీద

మనిషి మోకాళ్ళ మీద కూలబడితే చెయ్యి అందేంత ఎత్తులో, ఆ ఇనుప తలుపు మీద గోళ్ళతో గీరిన గీతలున్నాయి. ధరణి వాటి ముందు వంగి చాలాసేపు చూసింది.

అది కంప్రెసర్ గది. చిత్తూరు బయట కాణిపాకం పోయే దారిలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గుజ్జు డ్రమ్ముల్ని గడ్డకట్టించే చలిగదికి ఇక్కడినుంచే అమ్మోనియా పోతుంది. మూడు రోజుల కింద, మధ్యాహ్నం మూడు దాటిన కాసేపటికి, ఆ అమ్మోనియా ఈ గదిలోనే కమ్ముకుంది. ఏళ్ళ తరబడి ఈ యంత్రాల్ని చూసుకుంటున్న ఆపరేటర్ ఆదిమూలం ఈ తలుపు దగ్గరే ప్రాణం వదిలాడు. గ్యాస్ పెరిగితే మోగాల్సిన అలారం మోగలేదు. అతను పోయాక మోగింది.

గదిలో ఘాటు ఇంకా పూర్తిగా పోలేదు. ధరణి కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"గోర్ల గీతలు చూసి ఏం కనిపెడతావు ధరణిమ్మా?" వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ మునిశేఖర్ అన్నాడు. "లోపల గ్యాసు. బయటికి రావాలని గీరినాడు. దీంట్లో రహస్యమేముండాది?"

ధరణి తిరుపతిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. అంతకు ముందు పోలీసుల సైబర్ విభాగంలో, దానికి ముందు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేసింది. ఈ కేసు ఆమెకు అప్పజెప్పింది ఆదిమూలం భార్య గంగులమ్మ. "గ్యాసు వాసన రవ్వంత తగిలినా గడప దాటే మనిషి మా ఇంటాయన. ఆయన ఊరికే సచ్చిపోలేదు" అని తప్ప ఆమె ఇంకేం చెప్పలేదు. మునిశేఖర్‌కి ధరణి పొడ గిట్టదు. శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ వ్యాపారి చావును అతను ఆత్మహత్య అని మూసేస్తే, అది హత్య అని ఆమె తేల్చింది. ఆ సంగతి ఇద్దరూ నోరు తెరిచి మాట్లాడుకోరు. ఎదురుపడిన ప్రతిసారీ అది మధ్యలో ఉంటుంది.

"బయటికి ఎందుకు రాలేకపోయినాడు?" ధరణి అడిగింది.

"కండ్లు కాలిపోయినోడికి తలుపు తీసే బటన్ యాడ కనపడతాది?"

తలుపు పక్కన గోడకు తెల్ల బటన్ ఉంది. బయటినుంచి రావాలంటే కార్డు చూపాలి. లోపలినుంచి పోవాలంటే ఈ బటన్ నొక్కాలి. ధరణి నొక్కింది. టక్కుమని తాళం వదిలింది. ఆమె వేలు తీసి ఆ బటన్‌నే చూపించింది. ప్లాస్టిక్ నడిమికి పగిలి ఉంది. పగులులో నల్లగా ఎండిన రక్తం.

"కనపడక కాదు. కనపడింది. పగిలేదాకా కొట్టినాడు. అది తలుపు తియ్యలేదు."

మునిశేఖర్ మీసం దువ్వుకున్నాడు.

ధరణి గది మధ్యలో ఉన్న పెద్ద ట్యాంకు అడుగుకు టార్చి వేసింది. అమ్మోనియాతో కలిసి తిరిగే ఆయిల్ అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు ఒక చిన్న కుళాయి తిప్పి తీస్తారు. చెయ్యి వదిలితే దానంతటదే మూసుకునేలా కుళాయి పిడికి ఒక గట్టి స్ప్రింగ్ ఉండాలి. స్ప్రింగ్ లేదు. అది ఉండాల్సిన చోట, జిడ్డు మధ్యలో, ఉంగరంలాగా మెరుస్తున్న గుండ్రటి గీత.

"ఇది ఈ మధ్యనే ఊడదీసినారు."

"రిపేరుకి తీసినామని ఎలక్ట్రీషియన్ మునికుమార్ ముందే సెప్పినాడు. నేనూ అడిగినాలే." మునిశేఖర్ గొంతు పెంచాడు. "సూడమ్మా. ఆయిల్ తీస్తా ఉన్నాడు, కుళాయి మూసుకోలేదు, గ్యాసు లేసింది. అది ప్రమాదం. కానీ అలారం మోగుంటే మనిషి బతుకుతా ఉండె. ఆ అలారం ప్రోగ్రాం రాసిన పిల్ల నిస్సీ. నిర్లక్ష్యం. పొద్దుగూకే లోపల అరెస్టు చూపిస్తా. నీకు అంతవరకే టైము."

*

క్యాంటీన్ కిటికీలోంచి మురిగిన మామిడి వాసన వస్తోంది. చావు జరిగినప్పట్నుంచి గుజ్జు తీసే పని ఆపేశారు. గేటు బయట బెంగుళూరా మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. అడుగున పడిన కాయలు నలిగి రసం కారుతుంటే, దించుకొమ్మని అడగడానికి కూడా ఓపిక లేక రైతులు ట్రాక్టర్ల నీడలో పడుకున్నారు. లోపల లేబుళ్ళు అంటించే పని ఒక్కటే నడుస్తోంది.

నిస్సీ బెంచీ చివర కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తోంది. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. గుమ్మం దగ్గర ఆడ కానిస్టేబుల్ కుర్చీలో కునికిపాట్లు పడుతోంది.

ధరణి ఎదురుగా కూర్చుంది. "నేను ఆదిమూలం ఇంటివాళ్ళ తరఫు మనిషిని. నీ తరఫు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ పెట్టెలో ఏమేం పనులు పెట్టినావు?"

"నాలుగు అక్కా. గ్యాస్ ఎంతుండాదో చూసేది ఒకటి. తలుపులు తీసేది ఒకటి. డ్రమ్ములకి లేబుళ్ళు ప్రింటు చేసేది ఒకటి. చలిగదిలో ఎంత చల్లగా ఉండాదో ఓనర్‌కి పంపేది ఒకటి."

"నాలుగూ ఒకే పెట్టెలోనా?"

"గ్యాస్‌కి వేరే పెట్టె కావాలని అడిగినాను. మేనేజర్ సార్ ఒకటి చాలన్నాడు."

"గ్యాస్ పెరిగితే అది ఏం చేస్తుంది?"

"మెయిన్ వాల్వు మూసేస్తాది. ఫ్యాన్ తిప్పుతాది. సైరన్ కొడతాది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు."

"ప్రింటు పని ఆగిపోయిందనుకో. గ్యాస్ చూసే పని?"

"ఆగదు!" నిస్సీ తల ఎత్తింది. మొదటిసారి ఆమె గొంతులో రోషం వినిపించింది. "పనికొక దారం అక్కా. థ్రెడ్. ఒకటి తెగితే ఇంకోదానికి సంబంధం లేదు."

ధరణికి తెలియని సంగతి కాదు. కానీ ఆ పిల్ల నోటితో వినాలనుకుంది. "దారాలు ఎవరిస్తారు?"

"రన్‌టైమ్. మనం ప్రోగ్రాం రాసే భాషకి కింద అది ఉంటాది. మనం పని చెప్తాము, దాన్ని మిషన్ మీద నడిపేది అది. రెండు రకాలుగా నడపతాది. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి పనికొక అసలు దారం తెచ్చుకుంటాది. లేదంటే ఒక్క అసలు దారం పెట్టుకుని, దాని మీదే అన్ని పనుల్నీ తానే వంతులేసి తిప్పతాది." వేలితో బెంచీ మీద నాలుగు గీతలు గీసింది. "మా నాయన కాడ మగ్గానికొక మనిషి ఉన్నప్పుడు, ఒకదాంట్లో పోగు తెగితే అదొక్కటే ఆగేది. మనుషులు దొరక్కుండా పోయినాక నాయనొక్కడే నాలుగు మగ్గాలు చూసుకునేటోడు. ఒక పోగు ముడేసేదానికి కూర్చున్నాడంటే తక్కిన మూడూ ఖాళీ."

"రెండిట్లో ఏది కావాలో నువ్వు చెప్పినావా?"

నిస్సీ చూపు దించుకుంది. "చెప్పలేదు. చెప్పకపోతే అదే ఎంచుకుంటాది. పెట్టెలో కోర్లు, అంటే లెక్కలు చేసే మెదళ్ళు, ఒకటికన్నా ఎక్కువ కనపడితే పనికొక అసలు దారం తెస్తాది. ఒకటే కనపడితే ఒక్క దారంతో సర్దుకుంటాది. ఆ పెట్టెకి నాలుగుండాయి. పెట్టిన పొద్దు చూసినాను. ప్రింటర్‌ని ఆపి పెట్టి, పైపు కాడ రవ్వంత గ్యాసు వదిలి మరీ చూసినాను. సైరన్ మోగింది."

"ఇప్పుడు నాలుగు కనపడతా ఉన్నాయా దానికి?"

"ఎందుకు కనపడవక్కా?" అంది నిస్సీ. అని, ఆమె ముఖం మెల్లగా పాలిపోయింది.

అప్పుడే మేనేజర్ సుబ్రమణ్యం లోపలికి వచ్చాడు. నలగని తెల్ల చొక్కా, నుదుట విభూతి. వెంట కాఫీ కూడా తెప్పించాడు. నిస్సీ ముందు గ్లాసు తానే పెట్టాడు.

"తాగు పాపా. పొద్దున్నుంచి ఏమీ తిన్లేదంట." ధరణి వైపు తిరిగాడు. "ఆదిమూలం నాకు సొంత తమ్ముడితో సమానం మేడం. ఏం కావాలన్నా అడగండి."

"ఆ టైములో మీరు యాడ ఉండారు?"

"ప్యాకింగ్ హాల్లో. లేబుల్ ప్రింటర్ మొరాయిస్తా ఉంటే దాని కాడే నిలబడినాను. సైరన్ మోగేదాకా ఆడనుంచి కదల్లేదు. ఇరవై మంది ఆడోళ్ళు చూసినారు. ఇన్‌స్పెక్టర్ సార్ వాళ్ళందర్నీ అడిగినాడు."

"పోయినేడు ఈడ గ్యాస్ లీకై ఇద్దరు ఆడవాళ్ళు పడిపోయినారట. అది బయటికి పొక్కనీకుండా చేసినారట. ఆదిమూలం ఆ సంగతి ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసర్‌కి చెప్పబోతున్నాడని గంగులమ్మ చెప్పింది."

సుబ్రమణ్యం ముఖంలో ఏమీ మారలేదు. కాఫీ గ్లాసు మూతి చొక్కా అంచుతో తుడిచాడు. "మొగుడు పోయిన మనిషి. బాధలో ఏమేమో అంటాది. మనం మనసులో పెట్టుకోకూడదు" అని మెత్తగా చెప్పి వెళ్ళిపోయాడు.

*

కంట్రోల్ రూమ్ చిన్న గది. ఏసీ పనిచెయ్యడం లేదు. గోడకు తగిలించిన ఇనుప పెట్టె, కింద ఒక స్క్రీన్. స్క్రీన్ మీద గ్యాస్ అంకె సెకనుకొకసారి అటూ ఇటూ కదులుతోంది. మునికుమార్ కీబోర్డు తెచ్చి తగిలించాడు. ముప్పై దాటిన సన్నటి మనిషి, జేబులో టెస్టర్. వైరును రెండుసార్లు తప్పు చోట గుచ్చడం ధరణి గమనించింది. భయం అనుకుంది. ఆ గదిలో పోలీసున్నాడు కాబట్టి వింతేమీ అనిపించలేదు.

ముందు ఆమె ప్రోగ్రాం ఫైలును నిస్సీ కంపెనీ పంపిన నకలుతో పోల్చింది. అక్షరం తేడా లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తర్వాత, ఆ ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ రాసుకున్న మొదటి వరసలు వెతికింది. మొదట్లో అన్నిచోట్లా 'థ్రెడ్స్: నేటివ్' అని, అంటే పనికొక అసలు దారం అని ఉంది. ఏప్రిల్లో ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. అప్పట్నుంచి అదే వరసలో ఇంకో మాట.

"థ్రెడ్స్: గ్రీన్," మునిశేఖర్ ఆమె భుజం మీదుగా చదివాడు. "పచ్చగా ఉండాదంటే అంతా బాగుండాదనే గదా."

"రన్‌టైమ్ తన సొంత దారాలు వాడుతోందని. అన్నీ ఒక్క అసలు దారం మీదే." ధరణి వెనక్కి తిరిగింది. "మునికుమార్, ఏప్రిల్లో ఈ పెట్టెను ఏం చేసినావు?"

అతను నుదురు తుడుచుకున్నాడు. "ఎండలకి పెట్టె కాలిపోతా ఉండె మేడం. ఏసీ బాగు చేయించమంటే చేయించలేదు. మాటిమాటికి ఆగిపోతా ఉండె. దాంట్లో సెట్టింగుల్లోకి పోయి మూడు కోర్లు ఆపేసినాను. ఒకటే పెట్టినాను. అప్పట్నుంచి వేడి తగ్గింది. దానికీ అలారంకీ సంబంధముందని నాకెట్లా తెలుస్తాది?"

మునిశేఖర్ అతని కాలర్ పట్టుకున్నాడు. "మూడు రోజులుగా అడగతా ఉంటే ఇది ఎందుకు సెప్పలేదురా?"

"మీరు స్ప్రింగ్ గురించే అడిగినారు సార్..."

"వదలండి ఇన్‌స్పెక్టర్," ధరణి అంది. "ఎండకు పెట్టె ఆగిపోతుంటే ఎవరైనా చేసేదే అది. మునికుమార్, క్యాంటీన్ నుంచి నిస్సీని పిల్చుకొని రా. ఈ వరస ఆ పిల్ల కండ్లారా చూసి చెప్పాల."

మునికుమార్ చొక్కా సర్దుకుని గబగబా వెళ్ళిపోయాడు.

"అయితే తప్పు ఆ పిల్లదే," అన్నాడు మునిశేఖర్. "పనికొక దారం ఇయ్యమని తాను రాసుంటే ఈ గోలే లేదు గదా? దానికే వదిలేసింది. దాన్నే నిర్లక్ష్యం అంటారు. నువ్వు నా కేసుకే సాక్ష్యం తెచ్చిస్తా ఉండావు."

"తప్పు ఎవరిదో తర్వాత. ఆ తప్పును ఎవరు వాడుకున్నారో చూద్దాం."

ఆదిమూలం పోయిన రోజు వరసలు తెరిచింది. మూడూ పదిదాకా నాలుగు పనులూ మామూలుగా రాసుకుంటూ వచ్చాయి. ఆ తర్వాత ఖాళీ. గ్యాస్ లేదు, తలుపు లేదు, చలిగది లేదు. పదకొండు నిమిషాల తర్వాత నాలుగూ ఒకేసారి మళ్ళీ మొదలయ్యాయి. వెంటనే గ్యాస్ ప్రమాదంలో ఉందని వరస. సైరన్.

"బిగుసుకపోయింది," అన్నాడు మునిశేఖర్. "మా ఆఫీసులోవీ అంతే."

"బిగుసుకపోతే ఆపి మళ్ళీ వేస్తేగానీ కదలదు. వేసినట్టు ఈడ వరస లేదు. అది ఆగిన చోటునుంచే లేచింది. దేనికోసమో కాచుకుంది." ఖాళీకి ముందున్న ఆఖరి వరస మీద వేలు పెట్టింది. "లేబుల్ ప్రింట్ మొదలు. ఖాళీ అయ్యాక మొదటి వరస, లేబుల్ ప్రింట్ అయింది."

"అయితే?"

"మూత తెరిచి పట్టుకుంటే ప్రింటర్ పని తీసుకోదు. ఈ పెట్టెలో ఉన్న ఒక్క దారం పోయి దాని దగ్గర నిలబడి ఉంటుంది. అది కదిలేదాకా గ్యాస్ చూసే పనికి వంతు రాదు. తలుపు బటన్‌కీ రాదు. ఆదిమూలం ఎంత కొట్టినా ఆ దెబ్బ వినేవాళ్ళు లేరు."

మునిశేఖర్ నవ్వబోయాడు. ధరణి అతని వైపు చూడకుండా వారం వెనక్కి జరిపింది. అక్కడా ఒక ఖాళీ. చిన్నది. మరుసటి రోజు ఇంకొకటి, కొంచెం పెద్దది. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిదీ ముందుదానికంటే పెద్దది. ప్రతిదీ లేబుల్ దగ్గరే మొదలై, లేబుల్ దగ్గరే అయిపోయింది.

"కాగితం చుట్ట మార్చేదానికి ఇంతసేపు పట్టదు సార్. ఎవరో చూసుకున్నారు. మూత ఎంతసేపు పట్టుకుంటే అలారం అంతసేపు కండ్లు మూసుకుంటుందా అని."

అతని నవ్వు మీసాల కిందే ఆగిపోయింది. స్క్రీన్ దగ్గరికి వంగాడు. మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"ఆ పొద్దు ప్రింటర్ కాడ ఉండింది... మేనేజరు. ఆ ఆడోళ్ళ మాటలన్నీ నేనే రాసుకున్నాను. సారు మూత పట్టుకొని నిలబడే ఉండాడని సెప్పినారు. అంత దూరంగా ఉండాడని, మళ్ళీ ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు నేను."

ధరణికి గెలిచినట్టు అనిపించలేదు. ఆదిమూలం ఆ కంప్రెసర్ గదిలో బటన్ కొడుతున్నంతసేపూ, నుదుట విభూతితో ఒక మనిషి ఇరవై మంది చూస్తుండగా ఒక ప్లాస్టిక్ మూతను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"సరే, ఆయన ఆడుండాడు," అన్నాడు మునిశేఖర్. "మరి కంప్రెసర్ గదిలో పని చేసిందెవరు? ఆయిల్ తియ్యమని ఆదిమూలాన్ని లోపలికి పంపిందెవరు? స్ప్రింగ్ తీసినది మునికుమార్..."

మాట సగంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

స్ప్రింగ్ తీసింది మునికుమార్. కోర్లు ఆపింది మునికుమార్. ఎండకే ఆపి ఉండొచ్చు. కానీ ఆపాక ప్రింటర్ మూత తెరిచినప్పుడల్లా ఈ అంకెలు నిలిచిపోవడం, రోజూ ఈ గదిలోకి వచ్చే మనిషి చూడకుండా ఉండడు. ఆ వరసల అర్థం కోర్టులో చెప్పగలిగిన నిస్సీ దగ్గరికి ఇప్పుడు అతన్ని పంపింది తానే.

ధరణి స్క్రీన్ వైపు తిరిగింది. గ్యాస్ అంకె కదలడం లేదు. గోడమీది గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. అంకె అక్కడే ఉంది.

"మూత తెరిచినారు," అంది. "కంప్రెసర్ గది తలుపు దగ్గరికి పరిగెత్తండి. కార్డు పనిచెయ్యదు. ఏం దొరికితే దాంతో పగలగొట్టండి."

"నువ్వు యాడికి?"

"అవతలికి. ఆ తలుపు తాళం ప్రింటర్ దగ్గర ఉండాది."

*

ప్యాకింగ్ హాలు మామూలుగా ఉంది. తలలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు డ్రమ్ముల మధ్య ఖాళీగా నిలబడి ఉన్నారు. లేబుళ్ళు రావడం లేదు మరి. గోడవార బల్ల మీద ప్రింటర్. దాని మూత పైకెత్తి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళు లోపల పెట్టి, సుబ్రమణ్యం నిలబడి ఉన్నాడు.

"పేపర్ ఇరుక్కుంది మేడం," అన్నాడు. రొప్పుతూ వచ్చిన ఆమెను చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా లేడు. "రెండు నిమిషాలు."

"చెయ్యి తియ్యి."

"లోపల వేడిగా ఉంటాది. మీరు ముట్టుకోకండి."

ధరణి మూత మీద రెండు చేతులూ వేసి నొక్కింది. అతను కదల్లేదు. వయసు మీదపడ్డా బలమైన చెయ్యి. దూరంగా, గోడలకు అవతల, ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మునిశేఖర్ తలుపు కొడుతున్నాడు. ఆ చప్పుడు విని కూడా సుబ్రమణ్యం ముఖం అలాగే ఉంది. దానికంటే భయంకరమైనది ఆమె చూడలేదు.

"లోపల పిల్ల ఉంది!" ధరణి అరిచింది. "కంప్రెసర్ గదిలో మనుషులున్నారు! ఈ మూత పడితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది!"

ఆడవాళ్ళకు ఆ మాట అర్థమైందో లేదో. కానీ కంప్రెసర్ గది అన్న మాట అర్థమైంది. హేమశ్రీ అనే పొడుగాటి మనిషి డ్రమ్ము వదిలి వచ్చింది. పోయినేడు గ్యాస్‌కి పడిపోయిన ఇద్దరిలో ఆమె ఒకతి. ఏమీ అడగలేదు. సుబ్రమణ్యం కుడి మణికట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజింది. ఆమె వెనకే ఇంకొకామె. ఇంకొకామె. అతని వేళ్ళు బయటికి వచ్చాయి. మూత టప్పున పడింది.

ప్రింటర్ గుర్రుమంది. ఒక లేబుల్ బయటికి జారింది. ఆ వెంటనే ఫ్యాక్టరీ మొత్తం అదిరేలా సైరన్ మోగింది.

ధరణి వచ్చిన దారినే పరిగెత్తింది. వరండాలోకి వచ్చేసరికే కళ్ళు మండిపోయాయి. కంప్రెసర్ గది తలుపు తెరుచుకుని ఉంది. మునిశేఖర్ చేతిలోని ఇనుప కడ్డీ పారేసి, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎవర్నో బయటికి ఈడుస్తున్నాడు. ఒకరు కాదు. ఇద్దరు.

మొదట నిస్సీ. దగ్గుతోంది, కక్కుతోంది, కానీ బతికి ఉంది. అమ్మోనియా పైకి లేస్తుందని తెలిసిన పిల్ల కాబట్టి నేలకు కరుచుకుని పడుకుంది. చేతిలో ఉన్న నీళ్ళసీసా చున్నీ మీద పోసి ముఖానికి కట్టుకుంది. కట్టుకున్నది సగమే. తక్కిన సగం చింపి పక్కనున్న మనిషి ముఖాన వేసింది.

ఆ మనిషి మునికుమార్. అతని కుడిచేతి వేళ్ళు రక్తంతో తడిసి ఉన్నాయి. బటన్ కొట్టి కొట్టి.

"పైపు కాడ సెన్సర్ చూపించమని ఇన్‌స్పెక్టర్ సార్ పిలుస్తా ఉండాడని పిల్చుకొచ్చినాడక్కా," నిస్సీ దగ్గు మధ్యలో అంది. "కుళాయి తిప్పి తలుపు కాడికి పరిగెత్తినాడు. అది తెరుచుకోలేదు. నిలబడే కొడతా ఉండాడు. కిందికి రమ్మని ఎంత లాగినా రాలేదు. ఆఖరికి పడిపోయినాడు."

ధరణి బకెట్టుతో నీళ్ళు తెప్పించి మునికుమార్ కళ్ళమీద ధారగా పోసింది. అతని కనుగుడ్లు తెల్లగా ఉడికినట్టయిపోయాయి. ఊపిరి గొంతులోనే గరగరలాడుతోంది. మునిశేఖర్ అతని పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఎవరు సెప్పినార్రా నీకు? సెప్పు."

మునికుమార్ ఆ గొంతు వచ్చినవైపు ముఖం తిప్పాడు. చూపు లేదు. పెదాలు చాలాసేపు కదిలాక మాట వచ్చింది.

"ఆదిమూలమన్నప్పుడు నేను బయటికి వచ్చినాకే మూత తీసినాడు మేనేజర్ సారు... ఈ పొద్దూ అట్లే అన్నాడు. నువ్వు బయటికి వచ్చినాకే తీస్తాను, ఫోన్ చెయ్యి అన్నాడు." ఊపిరి అందక ఆగాడు. "నేనింకా ఫోనే చెయ్యలేదు సార్."

సైరన్ ఆగింది. సుబ్రమణ్యాన్ని చేతులు వదలకుండా పట్టుకుని ఆడవాళ్ళు వరండా చివరిదాకా తీసుకొచ్చి నిలబడ్డారు. మునికుమార్ అన్న మాట అందరికీ వినిపించింది. ఒక్కొక్కరే తిరిగి మేనేజర్ ముఖం చూశారు. అతను నేలమీద పడున్న మనిషిని చూడటం లేదు. కుడిచేతి వేళ్ళకు అంటుకున్న లేబుల్ కాగితం ముక్కను ఎడమచేతి గోటితో మెల్లగా ఊడదీసుకుంటున్నాడు.